మందకు కుక్క కావాలి

చిలకలూరిపేట అవతల మిరప కోతలు అయిపోవచ్చాయి. కళ్లాల్లో కాయలు ఎర్రగా ఆరుతున్నాయి. పత్తి చేలల్లో మోళ్లే మిగిలాయి. ఇక గొర్రెల మందలు దిగే కాలం. ప్రకాశం జిల్లా నుంచి ఒక కాపరి మందను తోలుకొచ్చాడు. తోడుగా మేనల్లుడు వచ్చాడు. రాత్రిపూట చేలో మంద కడితే రైతుకు ఎరువు. కాపరికి డబ్బులో, గింజలో ముడతాయి.

కాని పక్క చేలో మిరప ఇంకా కోయలేదు. రెండు చేలకూ నడుమ కంచె లేదు. గొర్రె అటు పోయిందంటే తగాదాయే. తప్పు కట్టాలి. వెనకటికైతే బందెలదొడ్డికి తోలేవాళ్లు. మేనల్లుడు ఫోనులో ఒక వీడియో చూపించాడు.

"మావా, ఈ కుక్కను చూడు. ఈలేస్తే చాలు, మందనంతా ఒక్కటే తోలుకొస్తంది. మనమూ ఒకటి కొందాం."

ఆ కుక్క పేరు బోర్డర్ కోలీ. ఇంగ్లండుకూ స్కాట్లండుకూ నడుమ ఉన్న కొండల్లో పుట్టిన జాతి. 1893లో అక్కడ ఓల్డ్ హెంప్ అనే కుక్క పుట్టింది. ఈనాటి బోర్డర్ కోలీలకు దాన్నే మూలపురుషుడిగా చెబుతారు. ఈ కుక్క ఎక్కువగా మొరగదు. ఒళ్లు వంచి, గొర్రెను కళ్లతోనే బెదిరించి నడిపిస్తుంది. చాలా తెలివైంది.

అయితే దాని ఒంటి నిండా బొచ్చు. అది చలి దేశానికి తగ్గ బొచ్చు. రోహిణి కార్తెలో మన పల్నాడు ఎండకు తట్టుకోవడం కష్టం. పైగా దానికి రోజంతా పని ఉండాలి. పని లేకపోతే ఊరుకోదు. సైకిళ్లను, కోళ్లను, చిన్నపిల్లలను తరుముతుంది. పట్నంలో మేడమీద కట్టేస్తే అరిచి అరిచి ఇరుగుపొరుగును నిద్రపోనివ్వదు. ముచ్చటపడి కొని, ఏడాది తిరక్కుండా వదిలేసేవాళ్లు ఉన్నారు. తప్పు కుక్కది కాదు.

మామ వీడియో అంతా చూశాడు. చూసి నవ్వాడు.

"మన గొర్రెలు మనిషి గొంతుకు నడుస్తయిరా. నేను ముందు నడిస్తే అవే వెనకాల వస్తయి. మనకు తోలే కుక్క కాదు, రాత్రిపూట కాసే కుక్క కావాల. మిరప చేను గట్టున నిలబడాల్సింది నువ్వే!"

నిజమే. మన కాపరులకు భయం దొంగతో, నక్కతో, తోడేలుతో. తోడేలును చంపితే నేరం. 1972 నాటి వన్యప్రాణి చట్టం దానికి రక్షణ ఇచ్చింది. అందుకని తోడేలు రాకముందే మొరిగి లేపే కుక్క ఉండాలి. అది మన ఊళ్లలోనే దొరుకుతుంది. కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పందికోన అనే ఊరుంది. కాపలాకు ఆ ఊరి కుక్కలు పేరుమోసినవి. అవి కూడా చురుకైనవే. గొలుసుకు కట్టేస్తే ఇమడవు.

పిల్లను ఏరేముందు తల్లిని చూడాలి. తల్లి మందలో తిరిగేదైతే మంచిది. రెండు నెలలు నిండకుండా పిల్లను తల్లి నుంచి విడదీయకూడదు. మూల నక్కేది వద్దు. ప్రతిదాని మీదా పడి కరిచేది కూడా వద్దు. తెచ్చిన పిల్లను ఇంట్లో కాదు, గొర్రెల దొడ్లోనే పెంచాలి. నాలుగు నెలల లోపు ఎవరి మధ్య పెరిగితే వాళ్లనే తనవాళ్లనుకుంటుంది. ఆటకి గొర్రెపిల్లను తరిమిందా, వెంటనే గదమాయించి ఆపాలి. ముద్దొస్తుంది కదా అని ఊరుకుంటే పెద్దయ్యాక మాన్పలేం.

ఇంతలో మామకు ఇంకో దిగులు పట్టుకుంది. మందలో రెండు పిల్లలు మెడ ఒక పక్కకు వాల్చి గిరగిరా తిరుగుతున్నాయి. మేత ముట్టడం లేదు. గాలి సోకిందన్నారు కొందరు. దిష్టి తీయమన్నారు ఇంకొందరు. పశువుల డాక్టరు వచ్చి ఒకే ఒక్క మాట అడిగాడు.

"గొర్రెను కోసినప్పుడు తలకాయ ఏం చేస్తారు?"

"మెదడు, బొమికలు కుక్కలకే వేస్తామండీ."

"అదే తెచ్చింది ఈ జబ్బు."

తర్వాత ఆయన వివరంగా చెప్పాడు. జబ్బు గొర్రె మెదడులో ఒక నీటి బుడగ ఉంటుంది. దాన్ని పచ్చిగా తిన్న కుక్క కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. పురుగు గుడ్లు కుక్క పెంటలో పడి గడ్డికి అంటుతాయి. ఆ గడ్డి మేసిన పిల్ల మెదడులో మళ్లీ బుడగ లేస్తుంది. నెలల తర్వాత గానీ బయటపడదు. అప్పటికి మందు వేసినా నయం కావడం కష్టం. ఇంకో రకం బద్దెపురుగు గుడ్లు మనిషి కడుపులోకి పోతే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో బుడగలు వస్తాయి. కుక్కను తాకిన చేతులతో అన్నం తినకూడదన్నది అందుకే.

ఆ రోజు నుంచి మామ తలకాయను కుక్కకు వేయలేదు. ఉడికించో, లోతుగా పూడ్చో పెడుతున్నాడు. మూడు నెలలకొకసారి డాక్టరునడిగి కుక్కకు పురుగుల మందు వేయిస్తున్నాడు.

పిచ్చికుక్క జబ్బు సూది కూడా కుక్కకు మూడో నెలలో వేయించాలి. డాక్టరు చెప్పినప్పుడు మళ్లీ వేయించి, ఆపైన ఏటేటా వేయించాలి. మనిషిని కుక్క కరిస్తే ముందు గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. మిరప సీమ కదా, కారం అద్దేవాళ్లు ఇంకా ఉన్నారు. అద్దకూడదు. పసరు కట్టకూడదు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి పోవాలి. అక్కడ సూదులు ఉచితం. బొడ్డు చుట్టూ వేస్తారన్నది పాత మాట. ఇప్పుడు చేతికే వేస్తారు. డాక్టరు రాసిన తేదీల్లో ఒక్కటీ మానకూడదు. 1885లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఈ టీకా వేశాడు. వాడు బతికాడు. జబ్బు ముదిరి నీళ్లు చూసి భయపడే దాకా వస్తే మాత్రం ఏ మందూ పనిచేయదు.

మేనల్లుడు కూన కోసం అన్ని ఊళ్లూ తిరిగాడు. చివరికి పక్క మందలోనే దొరికింది. గోధుమరంగు ఆడకూన. మొదటి రాత్రి గొర్రెపిల్లల నడుమ ముడుచుకు పడుకుంది. తెల్లారేసరికి దాని ఒళ్లంతా గొర్రె వాసన.

మీరు రాయండి:
మీ ఊరి మందలో కుక్కలు ఎన్ని? వాటికి సూది వేయించింది ఎప్పుడు? మీ ఊళ్లో గొర్రెను కోశాక తలకాయ ఎవరికి పోతోంది?