పదహారు కిలోబైట్ల దుబాసి

పోచారంలో ఇన్ఫోసిస్ ఆవరణ వెలిశాక మా వైపు పిల్లలకు కంప్యూటర్ అన్నది కొత్త మాట కాదు. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ పోయే బస్సెక్కితే జావా గురించో పైథాన్ గురించో మాట్లాడుకునేవారు తప్పక కనిపిస్తారు. అయితే మనం రాసిన వాక్యం యంత్రానికి ఎలా అర్థమవుతుందని అడిగితే మాత్రం, "అదంతా లోపల జరిగిపోతుంది లెండి" అని ఊరుకునేవారే ఎక్కువ. ఆ లోపలి సంగతి తెలియాలంటే ఈనాటి యంత్రాలు పనికిరావు, మరీ పెద్దవి. ఒక మనిషి బుర్రలో పూర్తిగా పట్టేది కావాలి. అందుకని ఈ వ్యాసానికి 1981 నాటి బి.బి.సి. మైక్రోను, దానిలోని బేసిక్ ఇంటర్‌ప్రిటర్‌ను ఎన్నుకున్నాను.

ఇది మనకు బొత్తిగా పరాయిది కాదు. 1984-85లో భారత ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద సుమారు 250 పాఠశాలల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు పిల్లల ముందు ఉంచింది ఈ యంత్రాన్నే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వారు దీనినే 'యూనికార్న్' పేరుతో తయారుచేశారు. మన హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. 1967 నుంచీ ఉన్నది గాని, అది చేసిన టి.డి.సి. కంప్యూటర్లు బడిపిల్లల కోసం కాదు.

ఇక విషయానికి వద్దాం. కంపైలర్ పుస్తకం మొత్తాన్ని ఒకేసారి అనువదించి ఇచ్చే పండితుడి వంటిది. ఇంటర్‌ప్రిటర్ అలా కాదు, దుబాసి. పక్కన నిలబడి ఒక్కొక్క మాట విని, అప్పటికప్పుడు చెప్పి, మరుక్షణం మరచిపోతుంది. బి.బి.సి. మైక్రోలో ఈ దుబాసికి ఇచ్చిన చోటు 16 కిలోబైట్ల రామ్ కాదు, రోమ్. అంటే చెరగనిది, స్విచ్ వేయగానే సిద్ధం. దీనిని రాసింది ఏకార్న్ కంపెనీలో పనిచేసిన సోఫీ విల్సన్. మనం వాడుకునే రామ్ 32 కిలోబైట్లు. అందులోనూ తెరకే వాటా పోతుంది. క్యాసెట్ యంత్రంలో 7వ మోడ్‌లో మనకు 28,160 బైట్లు మిగిలితే, సున్నా మోడ్‌లో 8,704 మాత్రమే!

అంత ఇరుకులో కాపురం కాబట్టి దుబాసి పొదుపరి. ఈ పదిహేడో ఎక్కం చూడండి:

10 ఫర్ ఐ = 1 టు 10
20 ప్రింట్ ఐ*17
30 నెక్స్ట్

ముందు నెంబరు ఉంటే ఆ వరుసను దాచుకుంటుంది; నెంబరు లేకపోతే వెంటనే చేసి చూపిస్తుంది. దాచేటప్పుడు 'ప్రింట్' అన్న అయిదు ఇంగ్లీషు అక్షరాలనూ దాచదు. వాటి బదులు 241 అనే ఒకే సంఖ్య వేస్తుంది. దీన్నే టోకెన్ అంటారు. వరుస మొదట్లో ఒక గుర్తు, రెండు బైట్లలో వరుస నెంబరు, ఒక బైటులో వరుస పొడవు. 20వ వరుస మొత్తం పది బైట్లు. లిస్ట్ అని అడిగితే 241ని మళ్ళీ 'ప్రింట్'గా విప్పి చూపుతుంది.

మరి 17 సంగతేమిటి? దానిని '1', '7' అనే రెండు అక్షరాలుగానే ఉంచుతుంది. ఎక్కం పదిసార్లు తిరిగితే పదిసార్లూ ఆ రెంటినీ చదివి, సంఖ్యగా మార్చి, గుణించి, మరచిపోతుంది. ఇంటర్‌ప్రిటర్లు నెమ్మది అని ఎందుకంటారో ఇక్కడ తెలుస్తుంది. గోటూ కూడా అంతే. 'గోటూ 900' అంటే ప్రోగ్రాం మొదటి నుంచి బయలుదేరి, వరుస పొడవులు చూసుకుంటూ ఒక్కో వరుస మీదుగా దూకుతూ 900ని వెతకాలి. రోడ్డు మీద ఇంటి నెంబర్లు చూసుకుంటూ పోయే కొత్త పోస్టుమన్ వలె, ప్రతిసారీ. విల్సన్ ప్రవేశపెట్టిన 'ప్రోక్' మాత్రం మొదటిసారే వెతుకుతుంది, తరువాత చిరునామా గుర్తుంచుకుంటుంది. గోటూ వాడవద్దని మాస్టార్లు చెప్పేది క్రమశిక్షణ కోసమే అనుకుంటాం. ఈ యంత్రంలో అది వేగానికీ లాభమే.

నెమ్మదితనానికి బదులు దొరికేది జవాబు. తప్పు కొడితే ఆ క్షణమే 'మిస్టేక్' అని పడుతుంది. నిజంగా ఆ ఒక్క మాటే. గంటలో తన వంతు ముగిసిపోయే పిల్లవాడికి ఈ వెంటనే అనడం చాలా విలువైనది.

కాని తెలుగు మీడియం పిల్లవాడికి అది ఇంగ్లీషులో ఎందుకు పడాలి? నన్ను ఈ చదువులోకి లాగింది ఈ ప్రశ్నే. యంత్రానికి ఇంగ్లీషు రాదు కదా, 241 మాత్రమే వచ్చు. పట్టికలో 241కి ఎదురుగా 'ముద్రించు' అని ఉంటే సరిపోదా? సగం సరిపోతుంది. మొదటి చిక్కు తెర. ఒక్కో అక్షరానికి ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడి. 'స్త్రీ' అన్న అక్షరాన్ని అందులో ఇమిడ్చి చూడండి! మనం స్వయంగా గీసుకునేందుకు సిద్ధంగా ఇచ్చినవి 32 గడులు. ఒక్క హల్లులకే చాలవు, ఇక వత్తుల మాట చెప్పనక్కరలేదు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు 128 లోపే ముగుస్తాయి. ఆ పై ఇళ్ళన్నీ ఖాళీ గనుక టోకెన్లు వచ్చి కూర్చున్నాయి. 1991లో భారతీయ ప్రమాణంగా వచ్చిన ఇస్కీ తెలుగు అక్షరాలను పెట్టిందీ ఆ ఇళ్ళలోనే. ఇప్పటి యు.టి.ఎఫ్.-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, మూడూ 128కి పైవే. అంటే కోట్ల బయట తెలుగు చలరాశి పేరు రాస్తే, అది పేరో ఆజ్ఞో దుబాసికి తెలియదు. మాటలు మార్చడం తేలికే, ఇళ్ళు ఖాళీ చేయించడమే కష్టం.

మార్గం లేకపోలేదు. ముందు ఒక గుర్తు బైటు, దాని వెనుక ఆజ్ఞ సంఖ్య, ఇలా టోకెన్‌ను రెండు బైట్లు చేసి, ఆ గుర్తును 32 కింది ఖాళీలలో ఒకదానికి ఇస్తే అక్షరాల జోలికి పోనక్కరలేదు. మన ఎక్కంలో ఫర్, టు, ప్రింట్, నెక్స్ట్ అని టోకెన్లు నాలుగు. కాబట్టి ప్రోగ్రాం పెరిగేది నాలుగు బైట్లు.