పాఠం 12: దీవి నుంచి దీవికి

ఈ పాఠం చదివిన తరువాత మీరు
- సముద్రయాత్రకు రోజుల లెక్క వేసుకోగలుగుతారు.
- అండమాన్ దీవుల చూడదగిన చోట్లను, భోజనాన్ని గురించి చెప్పగలుగుతారు.
- చేదర్థక క్రియను గుర్తించి సొంత వాక్యాలలో వాడగలుగుతారు.

12.1 చదవండి

మీరు ఖరగ్‌పూర్‌లోని ట్రాఫిక్‌లో ఉంటున్నారనుకుందాం. రైలు కూత వినని రోజు మీకు ఉండదు. పదిహేను రోజుల సెలవు దొరికింది. ఇన్నాళ్లూ కూడబెట్టిన డబ్బుతో కుటుంబమంతా అండమాన్ చూడాలనుకున్నారు. ఎలా వెళ్తారు?

ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు సుమారు 115 కిలోమీటర్లు. అక్కడి దాకా రైలు. కోల్‌కతా రేవు నుంచి ఓడ. విమానమైతే కొన్ని గంటల ప్రయాణమే. ఓడకు మూడు, నాలుగు రోజులు పడుతుంది. ఓడలు రోజూ ఉండవు. అందువల్ల ముందుగా ఓడ తేదీ తెలుసుకుని, ఆ తరువాతే సెలవు పెట్టండి.

ఇప్పుడు లెక్క చూడండి. రానుపోను ఎనిమిది రోజులు ఓడలోనే గడుస్తాయి. చేతిలో మిగిలేవి ఏడు రోజులు.

మొదటి రెండు రోజులు ఓడ దిగిన ఊళ్లోనే ఉండండి. దీని పాత పేరు పోర్ట్ బ్లెయిర్. 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. ఇక్కడి సెల్యులర్ జైలును 1896 నుంచి 1906 వరకు కట్టారు. నడుమ ఒక బురుజు, దాని చుట్టూ ఏడు వరుసల భవనాలు ఉండేవి. నేడు మూడే మిగిలాయి. ప్రతి ఖైదీకి వేరే గది. పక్క గదిలోని మనిషి ముఖం కనబడదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను అండమాన్‌కే పంపారు. ఆయన తిరిగివచ్చి, 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మీరు సరదాగా దాటే ఈ సముద్రాన్ని ఆ రోజుల్లో 'కాలాపానీ' అనేవారు. వెళ్లినవారు తిరిగివస్తారన్న ఆశ ఇంట్లోవారికి ఉండేది కాదు. జైలు చూసేటప్పుడు పిల్లలకు ఈ మాట చెప్పండి.

మూడో రోజు ఫెర్రీలో స్వరాజ్ ద్వీపానికి వెళ్లండి. 2018 వరకు దీని పేరు హేవ్‌లాక్. రాధానగర్ తీరం ఇక్కడిదే. పడమటి వైపు తీరం కనుక సూర్యాస్తమయం బాగా కనిపిస్తుంది. అయితే ఒక సంగతి మరవకండి. ఈ దీవులు బాగా తూర్పున ఉన్నా గడియారం మనదే. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటలకే పొద్దు గుంకుతుంది. నాలుగు గంటలకల్లా తీరం చేరాలి.

అయిదో రోజు షహీద్ ద్వీపం. పూర్వం నీల్ అనేవారు. సముద్రపు అలలు చెక్కిన రాతి వంతెన ఇక్కడ ఉంది. ఆటు వేళలోనే దాని దగ్గరకు నడిచి వెళ్లగలం. వేళ ఏదో ఊరివారిని అడగండి.

భోజనానికి బెంగ అక్కరలేదు. ఈ రెండు దీవులలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు ప్రభుత్వం భూములిచ్చింది. కాబట్టి అన్నం, చేపల పులుసు, ఆవ పెట్టిన కూర దొరుకుతాయి. షహీద్ ద్వీపంలో కూరగాయలు బాగా పండుతాయి. ఖరగ్‌పూర్ బజారులో నేర్చిన బెంగాలీ ఇక్కడ పనికివస్తుంది. శ్రీ విజయపురంలో తెలుగు కూడా వినిపిస్తుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకారులు అక్కడ ఉన్నారు.

ఆరో రోజుకల్లా శ్రీ విజయపురం తిరిగి రండి. ఏడో రోజును ఖాళీగా ఉంచండి. అది వృథా కాదు. గాలి ఎక్కువైతే ఫెర్రీలు ఆగిపోతాయి. చివరి రోజు దాకా దీవిలోనే ఉండిపోతే పెద్ద ఓడ తప్పిపోతుంది. ఆ తరువాతి ఓడ ఎప్పుడో తెలియదు. టికెట్టు డబ్బు, సెలవు రెండూ పోతాయి. రైలు తప్పితే మరో రైలు ఉంటుంది. సముద్రం దగ్గర ఆ ధీమా పనికిరాదు.

గమనిక: తీరాన కనబడే పగడపు ముక్కలను ఇంటికి తీసుకురాకూడదు. అది చట్టరీత్యా నేరం.

12.2 పదాలు – అర్థాలు

ఆటు = సముద్రపు నీరు వెనక్కి తగ్గడం
పోటు = సముద్రపు నీరు ముందుకు పొంగడం
కాందిశీకులు = ఉన్నచోటు విడిచి శరణు కోరి వచ్చినవారు
ధీమా = ధైర్యంతో కూడిన నమ్మకం

12.3 భాషాంశం

'గాలి ఎక్కువైతే ఫెర్రీలు ఆగిపోతాయి.' ఈ వాక్యంలో మొదటి పని జరిగితేనే రెండోది జరుగుతుంది. ఇలా షరతును తెలిపే 'ఐతే, తప్పితే, ఉండిపోతే' వంటి రూపాలను చేదర్థకాలు అంటారు.

12.4 మీ ప్రగతిని తెలుసుకోండి

1. రాధానగర్ తీరానికి నాలుగు గంటలకల్లా ఎందుకు చేరాలి?
2. మీ పెద్ద ఓడ శుక్రవారం ఉదయం బయలుదేరుతుంది. షహీద్ ద్వీపం నుంచి ఏ రోజుకల్లా తిరిగి రావాలి? ఎందుకు?
3. 'వాన వస్తే...' అనే వాక్యాన్ని పూర్తి చేయండి.

జవాబులు

1. దీవులు తూర్పున ఉన్నందువల్ల అక్కడ పొద్దు త్వరగా గుంకుతుంది.
2. బుధవారానికల్లా. ఆ రోజు ఫెర్రీ ఆగిపోయినా గురువారం చేతిలో ఉంటుంది.
3. మీ సొంత వాక్యం రాయండి. ఉదా: వాన వస్తే ప్రయాణం మానుకుంటాం.