వీడియోలు అర్థమవుతాయి, పని మాత్రం రాదు

సమస్య

అక్కా, మాది ఆలేరు. బీకాం పాసయ్యాను. నాయిన మగ్గం నేస్తాడు, అమ్మ రంగులద్దే ముందు నూలుకు చిటికి కడుతుంది. కోర్సులకు పోయే స్తోమత లేక ఫోన్లోనే నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఎక్సెల్, టాలీ, పైథాన్, ఇంగ్లిష్... ఎవరు ఏది బాగుందంటే అది చూశాను. నోట్సులు నిండాయి. వింటుంటే అన్నీ అర్థమవుతాయి. మొన్న భువనగిరిలో ఇంటర్వ్యూకు పోతే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చిన్న జీతాల పట్టిక చేయమన్నారు. చేతులు ఆడలేదు. గాజులు కుదువపెట్టైనా హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్‌కు పంపిస్తానంటోంది అమ్మ. ఆ డబ్బు తీసుకోబుద్ధి కావడం లేదు. నా తెలివి ఇంతేనా?
- ఓ చెల్లి, ఆలేరు

సలహా

కానే కాదు చెల్లీ. వింటున్నప్పుడు వచ్చేసినట్టే ఉంటుంది, అందరికీ. 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థులతో ఒక పాఠం రెండుసార్లు చదివించారు. ఇంకొందరిని పాఠం చదివాక మూసేసి, గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత వాళ్లకు గుర్తున్నది 42 శాతం, రాసినవాళ్లకు 56. నువ్వు ఇన్నాళ్లూ చేసింది మొదటి రకం చదువు.

మీ మండలంలోని శారాజీపేట చింతకింది మల్లేశం గారి సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఆయన పట్టుదల గురించి అందరూ చెబుతారు. నేర్చుకున్న తీరు నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి వేల సార్లు తిరగాలి. తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక 1992లో ఆ పని చేసే యంత్రం తయారీ మొదలుపెట్టారు. దానికి కావాల్సినంత ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు చదివి నేర్చుకున్నారు. ఆఖరి చిక్కు హైదరాబాద్ బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక చూశాక విడిపోయింది. ఆ యంత్రాన్ని అక్కడివాళ్లు రోజూ చూస్తూనే ఉండి ఉంటారు. చిక్కుతో వెళ్లినవాడు కాబట్టి ఆయనకే అందులో జవాబు కనిపించింది. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం సిద్ధమైంది. గంటల తరబడి పట్టే ఆసు గంటన్నరలో అయిపోతోంది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

నీ దగ్గర అలాంటి చిక్కే లేదు. పాఠాలు మాత్రం కుప్పలుగా ఉన్నాయి. చిక్కు మీ ఇంట్లోనే వెతుకు. నాయిన తెచ్చిన పట్టు ఎంత, రంగుల ఖర్చెంత, ఎన్ని చీరలు దిగాయి, కూలి ఎంత ముట్టింది, ఇంకా ఎంత రావాలి? ఈ లెక్కకు పట్టిక తయారు చెయ్యి. ఆ ఇంటర్వ్యూలో అడిగిందీ ఇలాంటి పనే. ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్‌లో ఎక్సెల్ లాంటి లిబ్రే ఆఫీస్ కాల్క్ పాఠాలు ఉచితం, తెలుగులోనూ ఉన్నాయి. చూస్తూ పక్కనే చేసుకునేలా చిన్నచిన్న ముక్కలుగా తయారు చేశారు. ఒక ముక్క చూడు, ఆపు, చెయ్యి. మర్నాడు వీడియో తెరవకుండా అదే చెయ్యి. ఆగిపోయిన చోటు మాత్రమే తిరిగి చూడు. పైథాన్, ఇంగ్లిష్ ప్రస్తుతానికి పక్కన పెట్టు.

ఈ పని ఫోన్లో సాగదు. తెలిసినవాళ్ల షాపులోనో స్నేహితురాలి ఇంట్లోనో రోజుకో గంట కంప్యూటర్ అడుగు. ఇంట్లో ఎంతో కొంత ఖర్చు పెట్టగలిగితే పాత ల్యాప్‌టాప్ కొనుక్కోండి. గాజులు అమ్మ చేతికే ఉండనీ.

ఒంటరిగా నేర్చుకునేవాళ్లకు తమ తప్పు తమకు కనిపించదు. పట్టిక కాగానే మీ కాలేజీలో అకౌంట్స్ చెప్పిన సార్‌కో మేడంకో చూపించు. సర్టిఫికెట్ కావాలంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ఉంది. పాఠాలకు డబ్బు కట్టనక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

ఇంత చేశాక కూడా నీకు విడని చిక్కులు మిగిలితే, వాటిని కాగితం మీద రాసుకుని అమీర్‌పేట వెళ్లు. ఫీజు కట్టకముందే ఆ కాగితం చూపించి, వీటిలో ఏవేవి నేర్పుతారో అడుగు.