బిగించిన పన్నుకూ పాచి పడుతుంది

పన్ను ఊడితే ఇప్పుడు కొత్త పన్ను బిగిస్తున్నారు. దవడ ఎముకలో చిన్న మరమేకు దించుతారు. అది టైటానియం లోహం. దాని మీద పన్ను అమరుస్తారు. దీన్ని ఇంప్లాంట్ అంటారు.

ఈ పన్ను పుచ్చదు. మరి శుభ్రం చేయక్కర్లేదా? చెయ్యాలి. దాని చుట్టూ పాచి పడుతుంది. పాచి గట్టిపడి గార అవుతుంది. చిగురు వాస్తుంది. రక్తం కారుతుంది. లోపల ఎముక కరుగుతుంది. చివరకు పన్ను కదులుతుంది. అంతవరకూ నొప్పి తెలియకపోవచ్చు.

రోజూ రెండుసార్లు మెత్తని బ్రష్షుతో తోముకోండి. బొగ్గు, ఇటుకపొడి వద్దు.

గార బ్రష్షుతో పోదు. పళ్ల డాక్టరే తీయాలి. ఉక్కు పనిముట్టుతో గీకితే లోహం మీద గీతలు పడవచ్చు. గీతల్లో మళ్లీ పాచి చేరుతుంది. అందుకే ప్లాస్టిక్ లేదా టైటానియం పనిముట్లు వాడతారు. మెత్తని పొడిని గాలితో, నీటితో చిమ్మి కూడా కడుగుతారు. "నాకు ఇంప్లాంట్ ఉందండీ" అని డాక్టరుకి ముందే చెప్పండి.

మన ఉత్తరాంధ్ర పల్లెల్లో కొందరు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుంటారు. పొగ చిగుళ్లకు చేటు. ఇంప్లాంటుకూ చేటే. నోటి కేన్సరు కూడా వస్తుంది. మానెయ్యండి.

రావికమతం నుంచి నర్సీపట్నం పనిమీద వెళ్తాం కదా! పళ్ల డాక్టరుకి కూడా చూపించుకుందాం. మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి తెలుసుకుందాం.

చదివి చెప్పండి:
1. గారను ఎవరు తీయాలి?
2. డాక్టరుకి ముందే ఏమి చెప్పాలి?
3. అడ్డపొగ ఎందుకు మానాలి?