కాపరి, కోడి, మంత్రసాని: దేవునికి వాక్యమిచ్చిన పోలికలు



దేవుడు ఎటువంటివాడు అని అడిగితే బైబిలు ఒకే మాటతో జవాబు చెప్పదు. 18వ కీర్తన 2వ వచనములోనే దావీదు ఆయనను శైలమని, కోట అని, కేడెమని, ఇంకా ఎన్నో పేర్లతో పిలిచాడు. కంటికి కనబడని దేవుణ్ణి మనకు తెలిసిన వాటితో పోల్చి చెప్పిన మాటలివి. వీటిని సరిగా గ్రహిస్తే రోగికి ఎంతో ఆదరణ. తప్పుగా పట్టుకొంటే ప్రాణము మీదికే రావచ్చు. అందుకే ఈసారి ఈ పాఠము.

1. ప్రతి పోలికకు హద్దు ఉన్నది

ఒకరి ముఖము చంద్రబింబము అంటే చల్లగా, అందంగా ఉన్నదని అర్థము. చంద్రునిలోని మచ్చ కూడా ఉన్నదని కాదు. వాక్యములోని పోలికలూ అంతే. ద్వితీయోపదేశకాండము 32:18లో మన తెలుగు బైబిలు ఆశ్రయదుర్గము అన్న చోట హెబ్రీ మాటకు బండ అని అర్థము. అదే వచనములో దేవుడు మనలను కన్నవాడు అని కూడా ఉన్నది. బండ బిడ్డను కనదు కదా! ఆయన కదలనివాడని ఒక పోలిక, మనము ఆయనవలన కలిగినవారమని మరొకటి చెబుతున్నాయి. రెండూ కావాలి, ఏ ఒక్కటీ చాలదు.

హోషేయ 11వ అధ్యాయములో దేవుడు పిల్లవాని చేయి పట్టుకొని నడక నేర్పినవానిగా కనిపిస్తాడు. అయితే 9వ వచనములో, తాను మనుష్యుడను కానని ఆయనే చెబుతున్నాడు. పోలికను ఇచ్చినవాడే దానికి హద్దు కూడా పెట్టాడు.

2. వైద్యుడు

నిర్గమకాండము 15:26లో దేవుడు తన ప్రజలను స్వస్థపరచువాడనని చెప్పాడు. ఈ మాటనుబట్టి మందులు మానివేసేవారు ఉన్నారు. క్షయకు కనీసం 6 నెలలు వాడవలసిన మాత్రలను రెండు నెలలకే ఆపి, మరింత నీరసించి వచ్చేవారిని మేము చూస్తున్నాము. అలా ఆపితే జబ్బు మందుకు లొంగకుండా పోవచ్చు.

2 రాజులు 20:5-7 చదవండి. హిజ్కియాను బాగుచేస్తానని దేవుడు మాట ఇచ్చాడు. ఆ వెంటనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానము, మందు ఒకే చోట ఉన్నాయి. రోగులకు వైద్యుడు అవసరమని ప్రభువు కూడా చెప్పాడు (లూకా 5:31). వైద్యుడైన దేవుడు వైద్యము మీద అసూయపడడు.

3. తండ్రి, తల్లి

తండ్రి అన్న మాట చాలామందికి ధైర్యమునిస్తుంది. కానీ తాగి వచ్చి కొట్టే తండ్రి ఇంట పెరిగిన ఆడపిల్లకు ఆ మాట వింటేనే గుండె బిగుసుకుపోతుంది. ఆమెను తప్పుపట్టనక్కరలేదు. వాక్యములో ఆమె కోసం వేరే తలుపులూ ఉన్నాయి. యెషయా 66:13లో దేవుడు తల్లివలె ఆదరిస్తాడు. లూకా 15వ అధ్యాయములో గొఱ్ఱెను వెదకే కాపరి, కుమారుని కోసం ఎదురుచూచే తండ్రి మధ్యలో, దీపము వెలిగించి ఇల్లు ఊడ్చి నాణెము వెదకే స్త్రీ ఉన్నది. ఆ పోలిక ప్రభువు స్వయముగా చెప్పినదే.

హెబ్రీ భాషలో కనికరము అనే మాట, గర్భము అనే మాట ఒకే కుటుంబమునకు చెందినవి. అయితే ప్రసవమైన తరువాత దిగులు పట్టి బిడ్డను దగ్గరకు తీసుకోలేని తల్లిని యెషయా 49:15 చూపించి నిందించకూడదు. తల్లి మరచినా తాను మరువనని దేవుడు చెప్పిన మాట అది. ఆ తల్లికి కావలసినది చికిత్స, తోడు.

4. మంత్రసాని

22వ కీర్తన 9వ వచనములో గర్భములోనుండి బిడ్డను బయటకు తీసేది దేవుడే. అది మంత్రసాని పని. మంత్రసాని నొప్పులను తన మీదికి తీసుకోలేదు, కానుపు ముగిసేవరకు పక్కనుండి కదలదు కూడా. ఈ కీర్తన మొదలయ్యేది దేవుడు విడిచిపెట్టాడన్న కేకతో. ప్రభువు సిలువ మీద వేసిన కేక అదే (మత్తయి 27:46). ఒంటరినైపోయానని ఏడ్చే కీర్తనలోనే ఈ పోలిక ఉండడము గమనించండి.

5. కోడి

గద్ద తిరుగుతుంటే కోడి రెక్కలు చాపి పిల్లలను పిలుస్తుంది. ప్రభువు యెరూషలేమును చూచి తనను కోడితో పోల్చుకొన్నాడు (లూకా 13:34). వారు రానొల్లకపోయినా ఆయన బలవంతము చేయలేదు, దుఃఖపడ్డాడు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కంగారూ పద్ధతిలో వెచ్చగా ఉంచమని చెప్పేటప్పుడు మేము ఈ వచనమును గుర్తుచేస్తాము.

6. సింహము

హోషేయ 5:14లో దేవుడు సింహమువంటివాడు. ఆ మాట దారితప్పిన జనాంగమునకు చెప్పినది, మంచము మీదనున్న ఒక రోగికి కాదు. "దేవుడు నన్ను కొట్టాడు, ఏ పాపము చేశానో" అని రోగి అంటే యోహాను 9:3 చదివి వినిపించండి. పుట్టుగ్రుడ్డివాని విషయములో వాడు గాని వాని కన్నవారు గాని పాపము చేయలేదని ప్రభువు తేల్చి చెప్పాడు.

రోగులను దర్శించే సంఘ సహోదరీ సహోదరులకు మా మనవి. ప్రార్థనకు ముందు రోగి మాట వినండి. దేవుణ్ణి ఏమని పిలుస్తున్నారో, ఏ మాటకు భయపడుతున్నారో తెలిసికొనండి. ఆ తరువాత తగిన వాక్యము చదవండి. అది ఒకరికి కాపరి కావచ్చు, ఒకరికి బండ, ఒకరికి తల్లి.

ధ్యానించుటకు ప్రశ్నలు:
1. మీరు దేవుణ్ణి ఎక్కువగా ఏమని పిలుస్తారు? ఎందుకు?
2. మీకు కష్టమనిపించే పోలిక ఏది? దాని ముందు వెనుక వచనములు ఏమి చెబుతున్నాయి?
3. మీ ఇంట జబ్బుగా ఉన్నవారికి ఈ వారము ఏ పోలిక ఆదరణ కలిగించగలదు?

ప్రార్థన: తండ్రీ, మాకు తెలిసిన మాటలలోనే నిన్ను మాకు తెలియజేశావు, నీకు స్తోత్రము. మా మాట ఏ రోగినీ గాయపరచకుండా మా నోటికి కావలి ఉంచుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.