మలచిన రాయి, మలచని రాయి

(పఠింపవలసిన భాగములు: నిర్గమకాండము 20:22–26, 1 రాజులు 5:13–18, 6:7, 12:1–4, యెషయా 32:1–2)



రాళ్లనుగూర్చి దేవుని వాక్యములో రెండు మాటలు గలవు. పైపైన చదువువారికి అవి ఒకదానికొకటి విరోధముగా తోచును. సీనాయియొద్ద దేవుడు బలిపీఠమునుగూర్చి ఆజ్ఞ యిచ్చినప్పుడు, దానిని రాళ్లతో కట్టినయెడల ఆ రాళ్లకు పనిముట్టు తగులకూడదనియు, తగిలినయెడల అది అపవిత్రమగుననియు చెప్పెను. అయితే సొలొమోను మందిరము కట్టించినప్పుడు గొప్ప రాళ్లను తొలిపించి, చెక్కించి, పునాదికి తెప్పించెను. దేవుడు దానిని తప్పుపట్టలేదు, ఆ మందిరమును తన మహిమతో నింపెను. ఒకచోట మలచని రాయి, మరియొకచోట మలచిన రాయి. ఈ రెంటిని కలిపి చదువుట యెట్లు? బల్లయొద్ద కూర్చుండి చదివినప్పటికంటె, ఒక దినము దారిలో ఇది మాకు ఎక్కువ విశదమైనది.

హైదరాబాదులోని విద్యానగర్‌లో మన సంఘముల బిడ్డలు పలువురు గదులు అద్దెకు తీసికొని చదువుకొనుచున్నారు. విశ్వవిద్యాలయము దగ్గర గనుక వారికి ఆ స్థలము అనుకూలము. వారిని దర్శింప వెళ్లిన మేము ఒక శనివారము వారితోకూడ వాహనము మాట్లాడుకొని, ఉదయము బయలుదేరి సాయంకాలమునకు తిరిగివచ్చునట్లు భువనగిరి వరకు పోయి వచ్చితిమి. పోవు దూరము సుమారు 45 కిలోమీటర్లు. కొండలు చూడవలెననిన ఊటీకో అరకుకో పోవలెనని మనవారనుకొందురు. ఇంటి ప్రక్కనున్న గుట్టను మాత్రము గొఱ్ఱెలు కాయువాడు తప్ప మరెవరును తేరిచూడరు!

విద్యానగర్ దాటి అడిక్‌మెట్ మీదుగా విశ్వవిద్యాలయపు ఆవరణములో ప్రవేశించితిమి. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడెను. అందలి ఆర్ట్సు కళాశాల భవనమునకు 1934లో శంకుస్థాపన జరిగి, 1939లో ప్రారంభోత్సవము జరిగెను. అది ఈ ప్రాంతపు గ్రానైటు రాతితో కట్టబడినది. ఆ గోడలలో రాతికిని రాతికిని మధ్య సందు వెదకి చూడవలసినదే. అదే ఆవరణములో, దారికి కొంచెము ఎడమగా, ఎవరును ఉలి తాకింపని గుండ్లు ఒకదానిపై నొకటి నిలిచియున్నవి. మాతోనున్న ఒక విద్యార్థి, “అయ్యగారూ, వీటిని ఎవరు ఎత్తి పెట్టిరి?” అని అడిగెను.

ఎవరును ఎత్తి పెట్టలేదు. భూమి లోపల కరిగియున్న పదార్థము మెల్లగా చల్లారి గ్రానైటయినది. అది గట్టిపడిన తరువాత అందులో నిలువుగను అడ్డముగను పగుళ్లు పడెను. వాననీరు ఆ పగుళ్లలో దిగి, రాతి అంచులను మూలలను కొంచెము కొంచెముగా తినివేసెను. మూలలు పోయినప్పుడు చదరపు రాయి గుండ్రనగును. చుట్టునున్న మెత్తని మన్ను వానలకు కొట్టుకొనిపోగా, గుండ్లు తామున్నచోటనే పైకి తేలి నిలిచినవి. ఇక్కడి రాతి వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ లెక్క విని విశ్వాసులు కలతపడ నక్కరలేదు. దేవుని యెదుట వేయి సంవత్సరములు ఎంతటివో 90వ కీర్తనలో మోషే మనకంటె ముందుగానే చెప్పియున్నాడు.

తార్నాకనుండి మౌలాలి గుట్ట దగ్గరకు పోయితిమి. నున్నని బోడి బండ అది. చుట్టును ఇండ్లు క్రిక్కిరిసి యున్నను తల పైకెత్తి నిలిచియున్నది. ఇబ్రహీం కుతుబ్ షా కాలమునుండి అది ముస్లిము సహోదరులకు యాత్రాస్థలము. మన గ్రామములలోను గుట్టమీద మొక్కు లేని ఊరు అరుదు. బిడ్డకు జబ్బు చేసినప్పుడు మనవారిలో కొందరు చీకటిలో ఆ మెట్లు ఎక్కుదురని మాకు తెలియును. 121వ కీర్తన వ్రాసినవాడు కొండలను చూచి ఒక ప్రశ్న వేసెను. దాని జవాబులో కొండను విడిచి, కొండను చేసినవానిని చూపెను. ఆ రెండవ వచనమువరకు పోక మొదటి వచనముతోనే ఆగువారు అనేకులు.

మల్లాపూరు, నాచారము మీదుగా హబ్సిగూడ చేరి, ఉప్పల్ వైపు తిరిగితిమి. ఆ దారిలోనే 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ యున్నది. భూమి లోపలి సంగతులు పరిశోధించు ఆ పండితుల వాకిటముందు మెట్రో రైలు పైనుండి పోవుచున్నది. ఆ రైలు స్తంభములలోని కంకర ఏ గుట్టది? ఈ ప్రశ్న మాతో చాలదూరము వచ్చినది.

ఘటకేసరు, బీబీనగరు దాటిన తరువాత భువనగిరి కొండ దూరమునుండియే అగుపడును. అది అనేక రాళ్ల కుప్ప కాదు, ఒకే రాయి. 500 అడుగులకు మించిన యెత్తు గలది. 1076 మొదలు 1126 వరకు ఏలిన పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరట అక్కడ కోట వెలసినది; ఊరికి ఆ పేరు అట్లే వచ్చినది. పైన వాననీరు నిలుచునట్లు కోటవారు కుంటలు ఏర్పరచుకొనిరి. బోడి బండ నీటిని త్రాగదు. పడిన వానయంతయు ప్రక్కలకు జారి క్రింది చెరువునకు పోవును. మన ప్రాంతములో గుట్ట పాదమున చెరువుండుట ఊరక జరిగినది కాదు. గుట్టను తీసివేసినచో చెరువులోనికి వచ్చు ఆ ధార యెక్కడిది?

ఆ బండమీదనే మన పేదబిడ్డలు ఇద్దరు మొదటిసారి త్రాడు పట్టుకొనిరి. నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. భువనగిరి శిలారోహణ శిక్షణాలయములో నేర్చుకొని, 2014 మే 25న ఎవరెస్టు శిఖరము చేరిరి. అప్పటికి పూర్ణకు 13 సంవత్సరములు. మాతో వచ్చిన ఆడపిల్లలు ఈ సంగతి విని, మేము వద్దనుచున్నను వినక పైమెట్టువరకు ఎక్కిరి. మేము మాత్రము సగములో, పెద్ద బండ నీడలో కూర్చుండి, యెషయా 32వ అధ్యాయము తీసి చదువుకొంటిమి. అలసట పుట్టించు దేశములో గొప్ప బండ నీడవలె ఒక మనుష్యుడుండునని ప్రవక్త చెప్పిన మాట, వైశాఖపు ఎండలో బండచాటున కూర్చున్నవానికి వేరే వ్యాఖ్యానము లేకయే తెలియును.

తిరుగుదారిలో పెద్ద రోడ్డు విడిచి లోపలి దారిన వచ్చితిమి. అచ్చట ఒక గుట్ట సగము లేదు. కత్తితో కోసిన రొట్టెవలె నిలువుగా తెగియున్నది. క్రషరు తిరుగుచున్నది. దాని ధూళి వేపచెట్ల ఆకులమీద పిండివలె పేరుకొనియున్నది. ముఖమునకు తువాలు చుట్టుకొని స్త్రీలు తట్టలు మోయుచుండిరి.

ఇక్కడ సొలొమోను సంగతి మరల చూడుడి. మందిరము కట్టునప్పుడు సుత్తె ధ్వనిగాని గొడ్డలి ధ్వనిగాని అందు వినబడలేదని వ్రాయబడియున్నది. ఏలయనగా రాళ్లు ముందుగానే సిద్ధపరచబడి తేబడెను. దీనిని మనము భక్తితో చదివి, ఎంత నెమ్మది అనుకొందుము. అయితే ఆ ధ్వని లేకపోలేదు. అది కొండలలో వినబడెను. బరువులు మోయువారు 70,000 మంది యుండిరని అదే గ్రంథము లెక్క చెప్పుచున్నది. వారి కాడి ఎంత బరువైనదో 12వ అధ్యాయములో రెహబాము నెదుట జనులు మొఱ్ఱపెట్టినప్పుడు బయలుపడెను. ఆ మొఱ్ఱ విననందుననే రాజ్యము రెండుగా చీలెను. పట్టణములోని నెమ్మదియైన మేడలను చూచునప్పుడు, ఆ ధ్వని ఏ పల్లెలో మ్రోగుచున్నదని మనము అడుగవద్దా?

మా పాస్టరేటులో ఒక సహోదరుడు పండ్రెండు సంవత్సరములు క్రషరు పని చేసెను. దగ్గు వచ్చినది. క్షయయని మందులు మ్రింగెను. గళ్ల పరీక్షలో ఏమియు కనబడలేదు. తుదకు అది సిలికోసిస్ అని తెలిసినది. నలుబది యేండ్లు నిండకమునుపే మేమతనిని సమాధి చేసితిమి. గ్రానైటులో స్ఫటికపు అంశ మెక్కువ. రాయి పగిలినప్పుడు దాని సన్నని ధూళి ఊపిరితిత్తుల అడుగువరకు పోయి గాయము చేయును; ఆ గాయము మరల మానదు. దానివలన క్షయ కూడ సులభముగా అంటును. కంటికి కనబడు ధూళికంటె కనబడనిదే ఎక్కువ అపాయకరము, దానిని తువాలు ఆపలేదు. రాతిమీద ఎడతెగక నీరు చల్లినయెడల ధూళి చాలవరకు అణగును. ఈ పని చేయువారెవరైనను దగ్గుతో వైద్యుని యొద్దకు పోయినప్పుడు, అడుగకపోయినను, “నేను రాళ్ల పని చేయుదును” అని తప్పక చెప్పవలెను.

అయితే రాయి కొట్టుటయే పాపమని మేము చెప్పుట లేదు. చెప్పినయెడల మెదకు దేవాలయమును ఏమనవలెను? పాస్నెట్ దొరగారు 1914లో ఆ పని మొదలుపెట్టించి, కరవు దినములలో పనికి వచ్చినవారికి తిండి దొరకునట్లు చేసి, 1924 డిసెంబరు 25న దానిని ప్రతిష్ఠింపజేసిరి. ఆ రాళ్లు మలచినవే. అవి అనేకుల కడుపు నింపినవి. మన సంఘములలో నేటికిని రాళ్లు కొట్టి బ్రదుకు కుటుంబములు గలవు. వారి కూలి పోగొట్టుటకు మేము పేనా పట్టలేదు.

దేవుడు మందిరమునకు మలచిన రాయిని అంగీకరించెను గాని, బలిపీఠమునకు మలచని రాయిని కోరెను. తాను నరులను కలిసికొను స్థలములో, తాను పెట్టినది పెట్టినట్లే యుండవలెనని ఆయన చిత్తము. అంతయు మన చేతిపనిగా మారిన లోకములో, ఇది నేను చేయలేదు అని నరుడు ఒప్పుకొనుటకు ఒక రాయియైన మిగిలియుండవలెను గదా. హైదరాబాదులో 1996లో కొందరు కూడి శిలలను కాపాడు సంఘమొకటి పెట్టుకొనిరి. వారి ప్రయాసవలన కొన్ని శిలాసముదాయములు వారసత్వ జాబితాలో చేర్చబడెను. పట్టణస్థులు చేసిన ఈ పనిని పల్లెవారమైన మనము ఇంకను మొదలుపెట్టలేదు.

మా గ్రామమున పునరుత్థాన పండుగనాడు తెల్లవారుజామున ఆరాధన జరుపుకొను గుట్ట ఒకటి గలదు. దానిని క్వారీకి అడుగుచున్నారని విన్నాము. సంఘములో అభిప్రాయములు రెండుగా నున్నవి. పని దొరకునని కొందరు, చెరువు పోవునని కొందరు. వచ్చు గ్రామసభకు మా సంఘ పెద్దలిద్దరు పోవుచున్నారు. చెరువులోనికి నీరు దిగు తూర్పు ప్రక్కను ముట్టకుండ విడువవలెననియు, మిగిలినచోట పని జరిగినను నీరు చల్లకుండ యంత్రము తిప్పరాదనియు, ఇండ్లకు ఎంత దూరమున మందు పేల్చుదురో వ్రాసి యియ్యవలెననియు వారు అడుగుదురు. ఆ దినమునకై ప్రార్థింపుడి.