వడ్ల బస్తా చూసి బియ్యం లెక్క కట్టొద్దు

క్వింటాల్ వడ్లు ఆడిస్తే క్వింటాల్ బియ్యం రావని బాన్సువాడలో పిల్లలకూ తెలుసు. సర్కారు లెక్కలో పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68. యాప్‌లు రాయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మాత్రం లైబ్రరీ బస్తాను చూసే జంకుతారు. వరి ఆకు ఫొటో తీస్తే తెగులు చెప్పే ఆండ్రాయిడ్ యాప్ రాస్తున్నారనుకుందాం. ఫొటోలను విశ్లేషించే ఓపెన్‌సీవీ లైబ్రరీ దించితే వందల ఎంబీ! భయపడకండి, ముందు తూకం వేద్దాం.

1. లైబ్రరీ కలపకముందు ఒక రిలీజ్ బిల్డ్, కలిపాక ఇంకొకటి తీయండి. తేడాయే అసలు బరువు. డీబగ్ బిల్డ్‌తో తూచకండి, అది తడి వడ్లను తూచినట్టే.

2. ఏపీకే అంటే ఒక జిప్ ఫైలే. ఆండ్రాయిడ్ స్టూడియోలో బిల్డ్ మెనూకి వెళ్లి, అనలైజ్ ఏపీకే నొక్కి, లిబ్ ఫోల్డర్ తెరవండి. కంపైల్ అయిన ఎస్ఓ ఫైళ్లు అక్కడుంటాయి. డౌన్‌లోడ్ సైజు పక్కనే కనిపిస్తుంది. చూడాల్సింది దాన్నే.

3. అసలు కిటుకు ఇక్కడుంది. లిబ్‌లో నాలుగు ఫోల్డర్లు ఉండొచ్చు: ఆర్మ్ 64, ఆర్మ్ 32, ఎక్స్86, ఎక్స్86-64. ఒకే లైబ్రరీని నాలుగు రకాల ప్రాసెసర్లకు నాలుగుసార్లు కంపైల్ చేశారన్నమాట. ఒక ఫోన్‌కు కావాల్సింది ఒక్కటే. ఎక్స్86 రెండూ ఎక్కువగా ఎమ్యులేటర్‌కే పనికొస్తాయి. గ్రాడిల్‌లో ప్రాసెసర్ రకాలను ఎంచుకునే ఏబీఐ ఫిల్టర్స్ పెట్టి వాటిని తీసేయండి. ఆర్మ్ 64ను ముట్టుకోవద్దు, 2019 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌కు 64 బిట్ తప్పనిసరి. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లను యాప్ బండిల్‌గానే ఇవ్వాలి. ఏ ఫోన్‌కు ఏ ముక్క కావాలో స్టోరే చూసుకుని పంపిస్తుంది. వాట్సాప్‌లో ఏపీకే పంపుకుంటే ఆ సౌకర్యం ఉండదు, అన్నీ మోయాల్సిందే.

4. మీ సొంత సీ++ కోడ్ ఉంటే, స్టాటిక్ లైబ్రరీ నుంచి లింకర్ అవసరమైన ముక్కలే తీసుకుంటుంది. అది రైస్‌మిల్లు పని. ఊక కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. ఎస్ఓ అలా కాదు, మొత్తం ఎక్కుతుంది. దానిలోని డీబగ్ గుర్తులను రిలీజ్ బిల్డ్ తొలగిస్తుంది. సీ++ కోడ్‌ను కంపైల్ చేసే ఎన్‌డీకే ఇన్‌స్టాల్ అయి లేకపోతే మాత్రం ఓ హెచ్చరిక చూపించి వదిలేస్తుంది. ఆ హెచ్చరికను ఎవరూ చదవరు!

5. కోడ్‌ను కుదించే ఆర్8 ఆన్ చేయండి. అయితే అది జావా, కోట్లిన్ కోడ్‌నే తగ్గిస్తుంది. ఎస్ఓ జోలికి పోదు.

ఇవన్నీ చేశాక బండిల్‌టూల్‌తో డౌన్‌లోడ్ సైజు మళ్లీ చూడండి. ఇంకా బరువనిపిస్తే, ఆ లైబ్రరీతో ఏం చేయిస్తున్నారో రాసుకోండి. ఫొటోను చిన్నది చేయడానికే అయితే ఆండ్రాయిడ్‌లో ఉన్న బిట్‌మ్యాప్ చాలు. ఓపెన్‌సీవీని తీసేయండి.